పెంకులు మరిచిపోయిన రోజు

ముందే చెప్పేస్తున్నాను. ఇందులో జరిగినవన్నీ జరిగినవే గాని, వరస ఎక్కడైనా తప్పుతానేమో. ఇసుక వేయించింది ముందా, రాయి వెలిగింది ముందా అని రెండు రోజులు ఆలోచించి, ఇసుకే ముందని తేల్చుకున్నాను. ఆ తేల్చుకున్నదైనా గుర్తుండగానే రాసిపెడుతున్నాను.

రెల్లిగెడ్డ ఊరి బయట ఒక దిబ్బ ఉంది. ఊళ్లోవాళ్లు దాన్ని ఇటుకల దిబ్బ అనేవాళ్లు. దాని పక్కనే రెండు గదుల విహారం, ఒక వంటపాక. అప్పట్లో అక్కడ ఇద్దరే భిక్షువులు ఉండేవారు. పెద్దాయన సుమంగళ భంతే. భంతే అంటే భిక్షువును గౌరవంగా పిలిచే మాట. చీవరం, అంటే భిక్షువుల కాషాయబట్ట, కట్టకముందు ఏదో కాలేజీలో ఫిజిక్స్ చెప్పేవారు. చిన్నాయన రేవతుడు. ముప్పై ఏళ్లుంటాయి. బియ్యెస్సీ చదివి, ఉద్యోగం కూడా చేసి వచ్చాడు. పొద్దున్నే వెళ్లి వాళ్లకు వంట చేసి పెట్టడం నా పని. రేవతుడు నన్ను పైడమ్మప్ప అనేవాడు. మా వైపు అప్ప అంటే అక్క.

ఆ ఏడు దిబ్బ తవ్వారు. తవ్వించిన ఆవిడ పురావస్తు శాఖ ఆవిడ, పేరు హైమవతి గారు. అప్పటికే ఒక రోడ్డు కాంట్రాక్టరు ఆ దిబ్బ మట్టి మీద కన్నేశాడు. "అదేం పురాతనం కాదు, మా తాత పెట్టిన ఇటుకల బట్టీ" అని అర్జీ పెట్టాడు. నెలలోపు విచారణ. ఆలోగా దిబ్బ వయసు తేలకపోతే మట్టి లారీలెక్కిపోతుంది.

హైమవతి గారు లోతు పొరలోంచి రెండు రకాల వస్తువులు తీశారు. కాలిన దూలం బొగ్గు, కుండ పెంకులు. రెండూ ఎందుకని నేనే అడిగాను.

"బొగ్గు ఒక్కటే అయితే, ఎక్కడిదో పాత దూలం తెచ్చి మా తాత బట్టీలో కాల్చాడంటారు," అన్నారావిడ. "పెంకు అలా కాదు. తను ఎప్పుడు కాలిందో తనే చెబుతుంది."

జీపులో చోటు చాలక ఒక ట్రంకుపెట్టె విహారంలో ఉంచి వెళ్లారు. తాళం రేవతుడికి ఇచ్చారు. "వారంలో వస్తాను. ఎండా వానా తగలనివ్వకండి," అన్నారు. నిప్పు మాట చెప్పలేదు. చెప్పాలని ఎవరికి తోస్తుంది?

నాలుగోనాడు వాన పడింది. వేసవిలో రాకూడని వాన. గదిలో కప్పు కారి, సరిగ్గా ట్రంకుపెట్టె మీద ధార పడింది. రేవతుడు చూసేసరికి లోపలి పొట్లాలన్నీ నానిపోయాయి.

పెట్టె ఎత్తుకుని వంటపాకలోకి పరుగెత్తుకొచ్చాడు. "అప్పా, పొయ్యి రాజెయ్యి," అన్నాడు. రాజేశాను.

బొగ్గు పొట్లాలను ఎంతో జాగ్రత్తగా అటక మీద పెట్టాడు, నిప్పుకు దూరంగా. బొగ్గు కదా, రవ్వ పడితే పోతుందని. పెంకులను మాత్రం పొయ్యి మీది ఇనపరేకు మీద పరిచాడు. పన్నెండు పెంకులు, ఒక్కోదానికీ హైమవతి గారు రాసిన చీటీ. ఏ పెంకు చీటీ ఆ పెంకుకు ఎదురుగా గోడవార పెట్టి, ఎగిరిపోకుండా ఒక్కో దాని మీద గులకరాయి ఉంచాడు. అంత జాగ్రత్త మనిషి.

"కుండ పెంకులకేటి, నిప్పులో పుట్టినవే కదా," అన్న మాట అక్కడే వచ్చింది. ఆ మాట నేనన్నానో రేవతుడన్నాడో ఇప్పుడు ఎంత తలబాదుకున్నా తేలడం లేదు. పుల్లలు ఎగదోసింది మాత్రం నేనే. రేకు నడుమ ఎర్రబడేదాకా ఎగదోశాను. పెంకులు పొడిపొడిగా ఆరాయి. మంచి పని చేశామనుకున్నాం.

సాయంత్రం బొగ్గు పొట్లాలు దించబోయి రేవతుడు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. పొట్లాలు వేడిగా ఉన్నాయి. కాలేంత కాదు గాని, బాగా వేడిగా ఉన్నాయి.

అప్పటి నుంచి అన్నం సరిగా తినలేదు.

మర్నాడు నేను పప్పు రుబ్బుతుంటే వచ్చి నిలబడ్డాడు.

"అప్పా, పిండి ఈ కాలంలో ఎంతసేపట్లో పులుస్తుంది?"

"పూటలో పులుస్తుంది."

"చలికాలంలో?"

"మర్నాటికి గాని పొంగదు. ఏం బాబూ, దోసెలు తినాలనుందా?"

రేవతుడు నవ్వలేదు. ముఖం ఇంకా పాలిపోయింది. "వేడి తగిలితే ఏదైనా తొందరపడుతుంది," అని తనలో తనే అనుకుంటూ వెళ్లిపోయాడు.

రేవతుడి భయం నాకు తర్వాత అర్థమైంది. చెట్టు చచ్చిపోయిన నాటి నుంచి దాని కట్టెలో ఒక రకం కార్బన్ కొద్దికొద్దిగా తరుగుతూ పోతుందట. ఎంత తరిగిందో చూసి, ఎన్నేళ్లయిందో లెక్క కడతారట. అటక మీది వేడికి ఆ తరగడం తొందరపడి ఉంటే లెక్కంతా తప్పు. దిబ్బ వయసు తప్పు. ఆ తప్పు తన చేతిమీదుగా.

రెండు రోజులు ఓర్చుకున్నాడు. మూడోనాడు పెద్దాయన ముందు కూర్చున్నాడు. నేను గుమ్మంలో ఉన్నాను.

"భంతే, వేడి తగిలితే బొగ్గు వయసు మారుతుందా?"

సుమంగళ భంతే నా వైపు తిరిగారు.

"పైడమ్మా, ఈ పూట కూరేమిటి?"

"వంకాయ, భంతే."

"కాసేపు దించు. ఇసుక వేయించాలి."

ఆయన దగ్గర చిన్న డబ్బా ఒకటి ఉండేది. పాత విద్యార్థి ఎవరో ఇచ్చారట. మా సముద్రం ఒడ్డున దొరికే నల్లిసుక దగ్గర పెడితే టిక్ టిక్ అనేది. ఆ ఇసుక గింజల్లో కొన్ని పరమాణువులు వాటంతటవే విరుగుతుంటాయని, విరిగినప్పుడల్లా డబ్బా పలుకుతుందని ఎప్పుడో చెప్పారు. ఒక సీసాలో దాచిన ఆ ఇసుకను ఇత్తడి పళ్లెంలో పోసి, పక్కన ఇటుక నిలబెట్టి, దాని మీద డబ్బా ఉంచారు.

రేవతుడు గడియారం చూస్తూ నిమిషం చెప్పాలి. టిక్కుమన్నప్పుడల్లా నేను ఒక చింతపిక్క ఈ గిన్నెలోంచి ఆ గిన్నెలో వెయ్యాలి. మూడుసార్లు లెక్కపెట్టాం. నలభై మూడు. ముప్పై తొమ్మిది. నలభై అయిదు. ఈ అంకెలు మాత్రం నాకు బాగా గుర్తు. పిక్కలు నా చేతిలోవి కాబట్టి.

తర్వాత ఆ ఇసుకను, పేలాలు వేయించుకునే మంగలంలో పోశాను.

"ఉప్పు వెయ్యాలేటి, భంతే?" అన్నాను.

"రుచి చూసేది నువ్వయితే వెయ్యి," అన్నారాయన.

చాలాసేపు వేయించాను. వడ్లు వేస్తే క్షణంలో పేలిపోయేంత వేడెక్కించాను. మళ్లీ పళ్లెంలో పోసి, అదే ఇటుక, అదే దూరం. సెగకు నా ముఖం మండుతోంది. రేవతుడు కళ్లు మూసుకున్నాడు. గడియారం చూడాల్సినవాడు కళ్లు మూసుకుంటే ఎలాగని భంతే గడియారం తీసుకున్నారు.

నలభై ఒకటి. నలభై నాలుగు. ముప్పై తొమ్మిది.

"అటూ ఇటూ ఉంది, భంతే," అన్నాడు రేవతుడు.

"వేయించకముందు కూడా అటూ ఇటూనే ఉంది."

"కానీ ఇది ఇసుక. అది బొగ్గు."

"లోపల విరిగేదానికి పొయ్యి సంగతి తెలియదు. ఇసుకలోనూ తెలియదు, బొగ్గులోనూ తెలియదు."

రేవతుడు చింతపిక్కల గిన్నె వైపు చాలాసేపు చూశాడు. మూడు రోజులుగా బిగబట్టిన ఊపిరి వదిలాడు. "అప్పా, ఆకలేస్తోంది," అన్నాడు. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

వంకాయ కూరతో అన్నం కలుపుకుని రెండు ముద్దలు తిన్నాడు. మూడో ముద్ద చేతిలో ఉండగా భంతే మామూలుగా అడిగారు.

"పెంకులు కూడా అటక మీదే ఆరబెట్టావా?"

"లేదు భంతే. రేకు మీద. అవి నిప్పులో పుట్టినవే కదా."

భంతే తినడం ఆపారు. ఆయన ఆపడం చూసి రేవతుడి చెయ్యి ఆగింది.

"పైడమ్మా," అన్నారు భంతే, "కిటికీకి గోనెపట్టా కట్టు. తలుపు వెయ్యి."

ఆయన తన పెట్టెలోంచి ఒక రాయి తెచ్చారు. పచ్చటి గాజుముక్కలా ఉంది. కాలేజీ రోజుల్లోది. రోట్లో వేసి నాలుగు దెబ్బలు కొడితే పలుకులైంది. పట్టపగలే వంటపాక చీకటైంది. రేకు కింద మంట తగ్గించి, నివురు కప్పి, ఆ పలుకులు వేడి రేకు మీద చల్లారు.

ముందు ఏమీ లేదు. తర్వాత ఒక పలుకు వెలిగింది. నీలంగా, కొంచెం పచ్చగా. దాని పక్కది. తర్వాత అన్నీ. రేకు మీద మిణుగురులు వాలినట్టు. మంట కాదు, పొగ లేదు. అయిదారు ఊపిరులంత సేపు వెలిగి, ఒక్కొక్కటే ఆరిపోయాయి.

భంతే ఆ పలుకుల్ని చల్లార్చి, చేత్తో తీసి, మళ్లీ అదే రేకు మీద చల్లారు.

చీకట్లో ముగ్గురం చూస్తూ కూర్చున్నాం. ఏమీ రాలేదు.

"ఇంకా వేడెక్కించనా?" అన్నాను.

"ఎంత వేడెక్కించినా రాదు. నేలలో పడున్నన్నాళ్లూ, చుట్టూ ఉన్న మట్టిలో విరిగే ప్రతి విరుపూ దీనికి తగులుతూ వచ్చింది. తగిలినదల్లా కొద్దికొద్దిగా దాచుకుంది. వేడి తగలగానే అంతా ఇచ్చేసింది."

"పెంకులు కూడానా?" అన్నాడు రేవతుడు.

"కంటికి కనబడనంత వెలుగు. యంత్రానికి కనబడుతుంది. కుండ కాల్చిన రోజు నుంచి దాచుకున్నది. అది చూసే వయసు చెబుతారు."

"మొన్న రేకు మీద..."

"చెప్పేసింది. వినేవాళ్లు లేనప్పుడు."

తలుపు తీశాను. వెలుతురులో ఒకరి ముఖాలు ఒకరం చూసుకోలేదు.

"బొగ్గు లోపలి గడియారానికి నీ పొయ్యి సంగతే తెలియదు," అన్నారు భంతే లేస్తూ. "పెంకుకు ఇప్పుడు నీ పొయ్యి తప్ప ఇంకేమీ తెలియదు."

హైమవతి గారు మర్నాడు వస్తారు.

ఆ మధ్యాహ్నం రేవతుడు కనబడలేదు. గిన్నెలు తోముకుంటూ చూస్తే దిబ్బ అవతల, తవ్వి పోసిన మట్టిగుట్ట మీద వంగి ఉన్నాడు. చినుకులు పడుతూనే ఉన్నాయి. మోకాళ్లదాకా బురదతో తిరిగొచ్చాడు. పైగుడ్డ కొంగులో కుండ పెంకులు. లెక్కగా పన్నెండు.

పాక అరుగు మీద కూర్చుని వాటిని కడిగాడు. పాత చీటీలు ఒక్కొక్కటీ తీసి కొత్త పెంకుల మీద పెడుతున్నాడు.

"ఏటి బాబూ ఇది?" అన్నాను.

"ఇవి కూడా ఈ దిబ్బవే అప్పా. ఇవీ పాతవే. అబద్ధమేమీ కాదు. దిబ్బ నిలబడాలి కదా. మన వల్ల పోతే..."

మన వల్ల అన్నాడు. నిజం చెప్పాలంటే, నాకూ అదే బాగుందనిపించింది. రేకు మాట ఎవరికీ తెలియకుండా పోతుంది. పుల్లలు ఎగదోసిన చెయ్యి ఎవరిదో కూడా.

సుమంగళ భంతే ఎప్పుడొచ్చారో, వచ్చి అరుగు మీద కూర్చున్నారు. కొత్త పెంకు ఒకటి తీసి, తుడిచి, రెండువైపులా చూశారు.

"బాగుంది. ఏ లోతులోది?"

"తెలియదు, భంతే."

"చీటీ ఏమంటోంది?"

చీటీ మీద హైమవతి గారి రాత. ఎన్నో పొర, ఎంత లోతు, ఏ తారీకు.

భంతే ఆ పెంకును జాగ్రత్తగా కింద పెట్టారు. లోపలికెళ్లి రేకు మీద కాలిన పెంకుల్లో ఒకటి తెచ్చారు. దాన్ని కొత్త పెంకు పక్కనే ఉంచారు. చూడటానికి రెండూ ఒక్కలాగే ఉన్నాయి.

"ఇక మీదట ఎవరు అడిగినా ఇది మొన్నటి సంగతే చెబుతుంది. మీ పొయ్యి సంగతి. అది అబద్ధమాడదు." రేవతుడి వైపు చూసి, "నువ్వు?" అన్నారు.

రేవతుడు తల వంచుకున్నాడు. "చీటీ మీద ఏమని రాయను భంతే? వయసు పోయింది కదా," అన్నాడు.

"పోయిందని రాయి. పోయిన రోజు నీకు తెలుసు."

అంతే. తన సంచిలోంచి పెన్సిలు తీసి అరుగు మీద పెట్టారు. రేవతుడి ముందు కాదు. మా ఇద్దరికీ నడుమ పెట్టారు. పెట్టి, గెడ్డ వైపు, అదే వాగు వైపు, నడిచి వెళ్లిపోయారు.

రేవతుడు కొత్త పెంకుల్ని మట్టిగుట్ట మీద ఎక్కడివక్కడ పారేసి వచ్చాడు. పాత చీటీలు పాత పెంకులకు పెట్టాడు. ఒక్కో చీటీ వెనక రాశాడు. ఫలానా రోజు, వంటపాకలో, ఎర్రబడిన రేకు మీద ఆరబెట్టబడింది. కాలిన వయసు పోయింది. పన్నెండు చీటీలూ రాసేసరికి పొద్దు వాలింది. ఆఖరి చీటీ మీద, పొరపాటు చేసినవారు, అని రాసి తన పేరు రాశాడు. పెన్సిలు మళ్లీ నడుమన పెట్టాడు.

మర్నాడు జీపు వచ్చింది. హైమవతి గారు దిగీ దిగకముందే రేవతుడు ఎదురెళ్లి చెప్పాడు. కూర్చోమనలేదు, నీళ్లివ్వలేదు. నేను మంచినీళ్ల చెంబు పట్టుకుని నిలబడిపోయాను.

"ఎన్ని?" అన్నారావిడ.

"పన్నెండూ."

"ఎంత వేడి?"

"రేకు ఎర్రబడింది."

ఆవిడ అరుగు మీద కూలబడినట్టు కూర్చున్నారు. చీటీలు ఒక్కొక్కటీ తీసి ముందువైపు చదివారు, వెనకవైపు చదివారు. ఆఖరి చీటీ ఎక్కువసేపు పట్టుకున్నారు.

"ఇవి రాయకపోతే పంపేసేదాన్ని," అన్నారు చివరికి. "మొన్న కాల్చినవి అని జవాబొచ్చేది. కాంట్రాక్టరు నాకు దండ వేసేవాడు."

ఎవరూ నవ్వలేదు. బొగ్గు పొట్లాలు జీపులో పెట్టించుకున్నారు. వెళ్లబోతూ రేవతుణ్ణి పిలిచి, "తవ్విన గుంటలో నీళ్లు తోడటం వచ్చా?" అన్నారు. వచ్చన్నాడు. వానాకాలమంతా తోడాడు. విచారణ వాయిదా పడింది. తర్వాతి వేసవిలో కొత్త పెంకులు తీసి పంపితే దిబ్బ పాతదేనని తేలింది. దిబ్బ ఇప్పటికీ ఉంది.

కాలిన పన్నెండు పెంకులూ విహారంలోనే ఉండిపోయాయి, చీటీలతో సహా. చెక్కపెట్టెలో పెట్టి గూట్లో ఉంచారు. సుమంగళ భంతే ఉన్నన్నాళ్లూ ఆ గూడు నేనే తుడిచేదాన్ని. పెట్టె మాత్రం తెరవలేదు.

అమ్మా ఉత్పలా, నువ్వు నా అన్న కూతురివి, నా రాత చదవగలిగేది నువ్వే. ఈ పేర్లు ఒకసారి సరిచూడు. హైమవతి గారి పేరు హైమవతో హేమలతో అనుమానంగా ఉంది, కింద గీత గీశాను. రేవతుడు ఇప్పుడు ఎక్కడున్నాడో నాకు తెలియదు, కానీ ఆ పేరు సరైనదే. వీలైతే ఒకసారి రెల్లిగెడ్డ వెళ్లు. గూట్లో పెట్టె ఉంటుంది. అడిగితే చూపిస్తారు. ఆఖరి చీటీ వెనక రేవతుడి పేరు ఒక్కటే ఉందా, దాని కింద పైడమ్మ అని కూడా ఉందా, చూసి నాకు రాయి. ఆ సాయంత్రం చెయ్యి కొంగుకు తుడుచుకుని పెన్సిలు తీసుకున్నంతవరకు నాకు గుర్తుంది.